డాబా మీద సోలార్: మన జిల్లాల్లో పథకం ఎంతవరకు పనికొస్తుంది, పైవాళ్లని ఏం అడగాలి

సొంత డాబా ఉండి నెలకి 200 యూనిట్లు దాటి వాడే ఇంటికి, డాబా మీద సోలార్ ప్యానళ్లకి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం మంచి బేరం. 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి అంత తొందర అక్కర్లేదు. అద్దె ఇళ్లవాళ్లకి, డాబా హక్కు లేని అపార్టుమెంటు వాళ్లకి, పాత రేకుల ఇళ్లవాళ్లకి ఇప్పుడున్న తీరులో ఇది పెద్దగా అందదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఎండా వానా గాలీ లెక్కలోకి తీసుకుని ఇస్తున్న తీర్పు ఇది. అయితే పథకం దగ్గరే ఆగిపోతే సగం సంగతే తెలుస్తుంది. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సరఫరా చేసే కరెంటులో ఎంత భాగం ఎండ, గాలి, నీటి నుంచి రావాలో చట్టం ఒక వాటా పెట్టింది. మీ దరఖాస్తు మీద డిస్కంకి ఎంత శ్రద్ధ ఉంటుందన్నది ఆ వాటా అమలు మీద చాలా వరకు ఆధారపడుతుంది. అందుకే రెండో సగమంతా ఎమ్మెల్యేనీ, ఎంపీనీ, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలినీ (కింద కమిషన్ అన్నది దీన్నే) ఏం అడగాలన్న దాని గురించి.

ముందు డబ్బు లెక్క. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకంలో కేంద్రం మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాటుకి 30,000 రూపాయల చొప్పున, మూడోదానికి 18,000 ఇస్తుంది. మొత్తం 78,000. పైన ఎన్ని కిలోవాట్లు పెట్టినా అంతే. రాష్ట్రం బీసీ కుటుంబాలకి రెండు కిలోవాట్ల వరకు మరో 20,000 కలుపుతుంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి ఉచితంగా బిగించే కార్యక్రమం వేరే ఉంది. ఆ ఇళ్లవాళ్లు సొంత డబ్బు కట్టే ముందు డిస్కం సెక్షన్ ఆఫీసుకి వెళ్లి తమ సర్వీసు నంబరు జాబితాలో ఉందేమో చూసుకోవాలి.

అమ్మేవాళ్లు చాలామంది మూడు కిలోవాట్లే పెట్టించుకోమంటారు, సబ్సిడీ నిండుగా వస్తుందని. ఇక్కడే ఆగి మీ బిల్లు చూడండి. 2025-26 ధరల్లో ఇంటి కరెంటు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకి 300 యూనిట్లు వాడే ఇంటికి యూనిట్ల ఖర్చు 1,673 రూపాయలు. మన వైపు కిలోవాటుకి ఏడాది సగటున రోజుకి 4 యూనిట్లు వేసుకోవచ్చు. రెండు కిలోవాట్లు నెలకి 240 ఇస్తే బిల్లులో 60 యూనిట్లు మిగులుతాయి, వాటి ఖర్చు 147. అంటే రెండు కిలోవాట్లతోనే 1,526 రూపాయలు తగ్గాయి. మూడో కిలోవాటు పెడితే అదనంగా తగ్గేది ఆ 147 మాత్రమే. మూడో కిలోవాటు సబ్సిడీ పోను 37,000 పడిందనుకుంటే, అది తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. మిగులు యూనిట్లకి డిస్కం ఇచ్చేది కమిషన్ నిర్ణయించిన ధర, 8.75 కాదు. అదే ఏసీలు నడిచి 400 యూనిట్లు కాలే ఇంట్లో మూడో కిలోవాటు నెలకి 540 రూపాయలు తగ్గిస్తుంది, ఆరేళ్ల లోపే గిట్టుబాటవుతుంది. కాబట్టి పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని, సగటు తీసి, పైన చెప్పిన 8.75, 6 రూపాయల స్లాబుల్ని చెరిపేసేంత సామర్థ్యమే పెట్టించండి. కింది స్లాబుల కోసం ప్యానళ్లు కొనడం దండగ.

దరఖాస్తు జాతీయ పోర్టల్లోనే. డిస్కం ఈపీడీసీఎల్ (మన జిల్లాలకి కరెంటిచ్చే సంస్థ) అని ఎంచుకుని, సర్వీసు నంబరు ఇచ్చి, వెండరుని, అంటే ప్యానళ్లు అమ్మి బిగించేవాళ్లని, ఎంచుకోవాలి. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్టు లెక్క. లోడు పెంచాల్సి వస్తే ఆ పని డిస్కందే. ఇక్కడ ఎక్కువగా అడ్డం పడేది పేరు. మీటరు తాతగారి పేరునో, పోయిన నాన్నగారి పేరునో ఉంటుంది. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం కొడుకు పేరున ఉంటాయి. సబ్సిడీ సర్వీసు ఎవరి పేరున ఉందో వాళ్లకే పడుతుంది కాబట్టి, ముందు పేరు మార్పు చేయించుకుని తరవాతే పోర్టల్ తెరవండి. మధ్యలో మార్చబోతే దరఖాస్తు మళ్లీ మొదటికొస్తుంది.

వెండరుకి మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. సామాను డాబా మీదకి చేరాక కొంత, బిగించాక కొంత, నెట్ మీటరు (లైన్లోకి ఇచ్చిన యూనిట్లనీ, తీసుకున్నవాటినీ లెక్కగట్టే మీటరు) తిరిగాక చివరి భాగం అని కాగితం మీద రాయించుకోండి. ఐదేళ్ల నిర్వహణ వెండరు బాధ్యత అని పథకమే చెబుతోంది, ఆ మాట కూడా ఒప్పందంలో ఉండాలి. సబ్సిడీ రావాలంటే దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానళ్లే ఉండాలి. ప్రతి ప్యానల్ వెనక ఒక స్టిక్కరు, దాని మీద సీరియల్ నంబరు ఉంటాయి. స్టాండుకి ఎక్కించాక వెనక్కి దూరి చదవడం కష్టం. కింద గోడకి ఆనించి ఉన్నప్పుడే ఒక్కోదాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. పోర్టల్లో వెండరు ఎక్కించిన నంబర్లూ మీ ఫోటోల్లోవీ ఒకటేనా కాదా సరిచూసుకోండి. 540 వాట్ల ప్యానళ్లయితే రెండు కిలోవాట్లకి నాలుగు చాలు. ఒక్కోటి రెండు మీటర్ల పైచిలుకు పొడవు, మీటరు దాటి వెడల్పు.

ఇక స్టాండు. మన జిల్లాల్లో అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సింది ఇదే, అమ్మేవాళ్లు అన్నిటికన్నా తక్కువ మాట్లాడేదీ దీని గురించే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఏం చేశాయో విజయనగరానికీ, పలాస, వజ్రపుకొత్తూరు ఉద్దానానికీ కొత్తగా చెప్పక్కర్లేదు. బట్టలు ఆరేసుకోవడానికి కింద జాగా ఉంటుందని ఎనిమిది అడుగుల ఎత్తు స్టాండు అడుగుతారు. ఆ ఎత్తులో ప్యానళ్ల వరస తెరచాపలా గాలిని పట్టుకుంటుంది. గాలి కింది నుంచి ఎత్తుతుంది, బరువంతా బోల్టుల మీద పడుతుంది. ఎత్తు తప్పదనుకుంటే నాలుగు మూలలా అడ్డ పట్టీలు ఉండాలి. కాళ్లు డాబా స్లాబులోకి కెమికల్ యాంకర్లతో (రంధ్రంలో జిగురు మందు పోసి బిగించే బోల్టులతో) గానీ, పిట్టగోడ కింద బీముకి గానీ పట్టాలి. స్లాబు పైన సిమెంటు దిమ్మలు పోసి వదిలేస్తే చాలదు. గంటకి 150 కిలోమీటర్ల గాలికి తట్టుకుంటుందని డిజైన్ కాగితం అడగండి. ఇవ్వలేనంటే ఆ వెండరు వద్దు.

సముద్రానికి దగ్గర ఊళ్లలో, అంటే కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు భోగాపురం, పూసపాటిరేగ తీరంలో, ఉప్పుగాలి మరో శత్రువు. ఇనుప గొట్టానికి వెండి రంగు కొట్టి జీఐ (జింకు పూత ఇనుము) అని అమ్మేది ఇక్కడ నిలబడదు. కరిగిన జింకులో ముంచిన స్టాండు కావాలి, పూత 80 మైక్రాన్లు. కోసిన చోట, రంధ్రం చేసిన చోట పూత పోతుంది కాబట్టి ఆ పనులన్నీ ముంచకముందే అయి ఉండాలి. డాబా మీద డ్రిల్లు చేసి బిగిస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది. నట్లు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు 304, తీరాన్ని ఆనుకుని ఉంటే 316. ప్యానళ్లకి ఉప్పుగాలి పరీక్ష ధ్రువపత్రం ఐఈసీ 61701 ఉందేమో చూడండి. ఎర్తింగ్‌కి మూడు గుంతలు: పిడుగు కడ్డీకి ఒకటి, డీసీ వైపు ఒకటి, ఏసీ వైపు ఒకటి. మూడూ ఒకే గుంతలో కలిపేస్తే పిడుగు పడినప్పుడు ఇన్వర్టరు (ప్యానళ్ల డీసీ కరెంటుని ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె) పోతుంది. కొలిచి 5 ఓమ్‌ల లోపు చూపించమనండి.

ప్యానళ్ల ముఖం దక్షిణానికి, వాలు 15 నుంచి 18 డిగ్రీల మధ్య. మన అక్షాంశం సుమారు 18, అందుకే ఆ లెక్క. పక్క పెరట్లో కొబ్బరి చెట్టు ఉంటే డిసెంబరు నెలలో నీడ ఎక్కడిదాకా వస్తుందో చూసుకోండి. అప్పుడు సూర్యుడు దక్షిణంగా వాలి నీడ పొడుగవుతుంది. ప్యానళ్లు వరసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి కాబట్టి, ఒక్కదాని మీద మట్ట నీడ పడ్డా వరస మొత్తం ఉత్పత్తి తగ్గుతుంది. దుమ్ము సంగతి తేలిక. పదిహేను రోజులకోసారి పొద్దున్నే, ప్యానళ్లు వేడెక్కకముందు, మంచినీళ్లతో మెత్తటి గుడ్డ పెట్టి తుడిస్తే సరి. టెక్కలి వైపు క్వారీల దగ్గర, రైసుమిల్లుల ఊక బూడిద పడే చోట వారానికోసారి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడకండి, తెల్లటి పొర కడుతుంది.

రెండు ఫిర్యాదులు ఎక్కువ వినిపిస్తాయి, రెండింటికీ కారణం తెలుసుకోవడం మంచిది. మొదటిది, కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోయిందని. అది లోపం కాదు. లైను మీద పనిచేసే మనిషికి మీ ప్యానళ్ల కరెంటు తగలకుండా ఇన్వర్టరు తనంతట తానే ఆగుతుంది. తుపాను తరవాత రోజుల తరబడి లైన్లు లేవనప్పుడు కూడా వాడుకోవాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి, ఖర్చు చాలా పెరుగుతుంది. రెండోది, మిట్టమధ్యాహ్నం మంచి ఎండలో ఇన్వర్టరు ఆగి ఆగి నడవడం. ట్రాన్స్‌ఫార్మరుకి దూరంగా, లైను చివర ఉన్న ఇళ్లలో ఇది జరుగుతుంది. నాలుగిళ్లవాళ్లు ఒకేసారి కరెంటు లైనులోకి నెడితే వోల్టేజీ పెరుగుతుంది, హద్దు దాటగానే ఇన్వర్టరు కట్ చేసుకుంటుంది. మీ ఇన్వర్టరు నుంచి మీటరు దాకా వేసిన వైరు సన్నదైతే ఇంకా ఎక్కువ. ముందు ఆ వైరు మార్పించండి. అయినా తగ్గకపోతే ఆగిన సమయం, వోల్టేజీ కనిపించేలా ఇన్వర్టరు తెర ఫోటోలు తీసి, డిస్కం ఫిర్యాదుల ఫోన్ నంబరు 1912లో నమోదు చేసి, సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) రాతపూర్వకంగా ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మరు ట్యాప్ మార్చడమో, లైను బలపరచడమో వాళ్లు చేయాల్సిన పని.

ఈ చివరి మాటే అసలు విషయంలోకి తీసుకెళ్తుంది. లైను బలపరచడానికి, నెట్ మీటర్లు సకాలంలో తేవడానికి డిస్కం డబ్బు ఖర్చు పెట్టాలి. సోలార్ పెట్టుకునేదేమో 8.75 రూపాయల స్లాబులో బిల్లు కట్టే ఇల్లు. ఆ ఆదాయమూ పోతుంది. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు, ఖాతా పుస్తకం అలా ఉంది. ఇలాంటి చోట ఒక సంస్థని కదిలించేది చట్టం పెట్టిన బాధ్యతే. 2003 విద్యుత్ చట్టం 86(1)(ఇ) సెక్షన్ రాష్ట్ర కమిషన్‌కి ఆ పని అప్పగించింది. డిస్కం కొనే కరెంటులో పునరుత్పాదక వాటా ఎంతో కమిషనే నిర్ణయించాలి. దానిపైన, 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం కింద కేంద్ర విద్యుత్ శాఖ 2023 అక్టోబరు 20న దేశమంతటికీ కనీస వాటాలు ప్రకటించింది. 2024-25కి 29.91 శాతం, 2025-26కి 33.01, అలా పెరుగుతూ 2029-30కి 43.33. ఇందులో డాబాల మీద, ఊళ్లలో పెట్టే చిన్న ప్లాంట్లకి విడిగా ఒక వాటా ఉంది: 2025-26కి 2.1 శాతం, 2029-30కి 4.5.

4.5 శాతం అంటే ఎంతో మన ఊరి లెక్కలో చూడండి. 350 ఇళ్ల ఊరు, ఇంటికి నెలకి సగటున 150 యూనిట్లు అనుకుంటే మొత్తం 52,500 యూనిట్లు. అందులో 4.5 శాతం 2,362. రెండు కిలోవాట్ల డాబా ఒక్కోటి 240 ఇస్తుంది కాబట్టి పది డాబాలు చాలు, ఇళ్ల వాడకం వరకు 2029-30 వాటా తీరిపోతుంది. ఊరికి పది డాబాలు దొరకవా? కాబట్టి ఇది అసాధ్యమని ఎవరన్నా అంటే నమ్మక్కర్లేదు. 2023 నోటిఫికేషన్‌లో మరో చిన్న నియమం పెట్టారు. డాబా ప్లాంట్ల ఉత్పత్తి ఎంతో డిస్కం లెక్క చూపలేకపోతే కిలోవాటుకి రోజుకి 3.5 యూనిట్లుగానే కట్టాలన్నారు. ఉత్పత్తి మీటరు సరిగా చదివి నమోదు చేస్తే మన ఎండకి అంతకన్నా ఎక్కువే వస్తుంది. సరిగా చదివితే డిస్కంకే లాభం, ఈ మాట ఎదురుగా చెప్పవచ్చు.

కరెంటు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్న శ్రీకాకుళం జిల్లాకి కొత్త కాదు. 2,640 మెగావాట్ల బొగ్గు ప్లాంటు వద్దని సోంపేట బీల (చిత్తడి నేల) కోసం నిలబడిన జనం మీద 2010 జులై 14న కాల్పులు జరిగాయి, ఉద్యమకారులు ప్రాణాలిచ్చారు. ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మరో బొగ్గు ప్లాంటుకి ఎదురు నిలిచినప్పుడు మళ్లీ ప్రాణాలు పోయాయి. ఏది వద్దో చెప్పడానికి అంత మూల్యం చెల్లించిన నేల ఇది. ఏది కావాలో చెప్పడానికి ఒక కాగితం, ఒక రసీదు చాలు. ఆ పని చేయకుండా ఊరుకోకూడదు.

ఏం అడగాలంటే, నాలుగే. ఈపీడీసీఎల్ గత ఏడాది మొత్తం వాటాలోనూ, చిన్న ప్లాంట్ల వాటాలోనూ ఎంత తీర్చింది, సర్కిల్ (డిస్కం జిల్లాస్థాయి విభాగం) వారీగా అంకెలు బయటపెట్టాలి. రాష్ట్ర కమిషన్ పెట్టే వాటా కేంద్రం చెప్పినదానికి తగ్గకూడదు. నెట్ మీటరు ఆలస్యమైతే దరఖాస్తుదారుకి పరిహారం దానంతటదే రావాలి. డాబా లేనివాళ్లు పంచాయతీ స్థలంలోనో, బడి కప్పు మీదో ఉమ్మడిగా ప్లాంటు పెట్టుకుని ఎవరి బిల్లులో వాళ్లు యూనిట్లు తగ్గించుకునే వర్చువల్ నెట్ మీటరింగ్ ఇక్కడ నిజంగా నడవాలి. కేంద్రం చిన్న ప్లాంట్ల వాటాలో దాన్నీ లెక్కిస్తుంది. మాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఈ నాలుగోదే. అద్దె ఇంట్లో ఉంటూ కూలికి వెళ్లే కుటుంబానికి అది తప్ప దారి లేదు.

ఎక్కడ అడగాలన్నది ఏ నెలలో ఉన్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. డిస్కంలు వచ్చే ఏడాది లెక్కల నివేదిక నవంబరు 30 నాటికి కమిషన్‌కి ఇస్తాయి. తరవాత పత్రికల్లో ప్రకటన వస్తుంది, అభ్యంతరాలకి గడువు ఇస్తారు, ఆపైన బహిరంగ విచారణ. తెలుగులో రాసినా తీసుకుంటారు. కమిషన్ కార్యాలయం ఇప్పుడు కర్నూలులో ఉంది. కార్యదర్శి పేరున ఒక ప్రతి అక్కడికి, మరో ప్రతి విశాఖలోని డిస్కం ప్రధాన కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. డిస్కంకి పంపిన రుజువు లేకపోతే అభ్యంతరం నిలవదు. విచారణలో మాట్లాడాలనుకుంటే ఆ మాట కాగితం మీదే రాయండి. మాట్లాడే సమయం కొద్ది నిమిషాలే, కాబట్టి ఒకే ప్రశ్న పట్టుకోండి.

రాయడానికి నాలుగు పేజీలు అక్కర్లేదు. ఇంత చాలు: "కేంద్ర విద్యుత్ శాఖ నోటిఫికేషన్ ప్రకారం 2025-26లో చిన్న పునరుత్పాదక ప్లాంట్ల నుంచి 2.1 శాతం రావాలి. మీ నివేదికలో ఈ అంకె విడిగా కనిపించడం లేదు. శ్రీకాకుళం సర్కిల్‌లో ఎన్ని కిలోవాట్లు బిగించారు, ఎన్ని దరఖాస్తులు నెట్ మీటరు కోసం ఆగి ఉన్నాయి, 2029-30లో 4.5 శాతానికి ఏటా ఎంత పెంచుతారో చెప్పాలని, ఆ ప్రణాళికని టారిఫ్ (కరెంటు ధరల) ఉత్తర్వులో షరతుగా పెట్టాలని కోరుతున్నాను." కింద పేరు, సర్వీసు నంబరు, సంతకం. అయితే ఇలా రాసేముందు నివేదిక చూసుకోవాలి. అంకె ఉంటే ఆ వాక్యం తీసేసి అంకె మీదే ప్రశ్న వేయండి. నివేదికలో లేనివి సమాచార హక్కు కింద డిస్కంని అడగండి, పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు.

ఎమ్మెల్యేకి ఇచ్చేటప్పుడు "సోలార్‌ని ప్రోత్సహించండి" అని రాస్తే పని జరగదు. సభలో వేయదగ్గ ప్రశ్న తయారుచేసి ఇవ్వండి, నియోజకవర్గం పేరుతో, అంకెలు అడుగుతూ. లోక్‌సభ ప్రశ్నకి కనీసం 15 రోజుల నోటీసు కావాలి కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించగానే ఎంపీ కార్యాలయానికి చేరాలి. ఒక తేడా గుర్తుంచుకోండి. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు కేంద్ర మంత్రి. మంత్రులు సభలో ప్రశ్నలు వేయరు. ఆయనకి ఇచ్చేది కేంద్ర విద్యుత్ మంత్రికి రాయమనే వినతిగా ఉండాలి. ప్రశ్నగా వేయించాల్సింది విజయనగరం, అరకు ఎంపీల ద్వారా. పంచాయతీ తీర్మానం జతచేస్తే కాగితానికి బరువు పెరుగుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే నంబరుతో రసీదు ఇస్తారు, దాన్ని కూడా జతచేయండి.

టారిఫ్ ఉత్తర్వు ఏప్రిల్ 1కి ముందే వస్తుంది. అందులో అభ్యంతరాలు, వాటికి డిస్కం జవాబు, కమిషన్ అభిప్రాయం వరసగా అచ్చవుతాయి. మీ ప్రశ్న ఉన్న పేజీ వెతికి పట్టుకోండి. డిస్కం "పరిశీలనలో ఉంది" అని మాత్రమే రాసి ఉంటే, ఆ పేజీ జిరాక్స్ తీసి, తేదీ వేసి, ఎమ్మెల్యేకి రెండో లేఖ దానితోనే మొదలుపెట్టండి.